మొరము గుంటలో ఊరిన నీరు

రోడ్డు వేయవలెనన్న మొరము కావలెను. ఇంటి పునాదుల నడుమ నింపుటకు మొరము కావలెను. కాలనీ దారి చదును చేయుటకును మొరమే కావలెను. హైదరాబాదు నగరము తూర్పు దిక్కుగా ఉప్పల్, నాచారం, నాగోల్ మీదుగా పెరిగిన కొలదియు ఈ ఎర్రని గరుకుమన్ను ఎక్కడో ఒకచోట నేల నుండి లేచి, లారీల కెక్కి, మరియొకచోట నేలయై పరుండినది. పరుండిన చోటు అందరికిని తెలియును. దానిపై దినమును నడచుచునే యున్నారు. లేచిన చోటును చూచువారు తక్కువ. అచ్చట మిగిలినది గుంట.

గుంట మొదట పొడిగనే యుండును. ఇరువది ముప్పది అడుగులు దిగిన పిమ్మట ఒకనాటి ఉదయము గోడ అడుగున చెమ్మ కనిపించును. మరునాటికి లారీ చక్రముల గాడిలో నీరు చేరును. వారము తిరుగక మునుపే అది మోకాటి లోతగును. గుత్తేదారు మోటారు దించును. గొట్టము గట్టుపైకి లాగించి, దాని కొనను రోడ్డు ప్రక్క కాలువలో పడవేయించును. ఆయన పద్దులో ఆ నీరు ఒక ఖర్చు: డీజిలు ఇంత, మోటారు బాడుగ ఇంత. గట్టు కావల ఆకుకూర మడులు వేసికొన్న రైతు పద్దులో ఆ నీరే పెట్టుబడి. ఒకే నీరు ఇరువురి పుస్తకములలో రెండు విధముల వ్రాయబడుచున్నది. తగవంతయు ఇచ్చటనే పుట్టినది.

ఈ తగవులో గుత్తేదారుని దుర్మార్గునిగను, రైతును అమాయకునిగను నిలిపి తీర్పు చెప్పుట సులభము. కాని అది తొందరపాటు. నీరు తోడనిదే గుంటలో పని సాగదు. నానిన మొరము గోడ ఎప్పుడు విరిగి కూలీల మీద పడునో చెప్పలేము. కావున తోడుట తప్పు గాదు. ఎంత తోడుచున్నారో కొలవకపోవుట తప్పు. ఎచ్చట విడుచుచున్నారో చూడకపోవుట తప్పు. పని ముగిసిన నాడు గుంటను నోరు తెరచినది తెరచినట్లే వదలిపోవుట అన్నిటికంటె పెద్ద తప్పు. ఈ మూడింటిని ఎరుగవలెనన్న మొదట ఆ నీరు ఎక్కడిదో ఎరుగవలెను.

నాగోల్‌లో మెట్రో రైలెక్కిన విద్యార్థికి ఉప్పల్, స్టేడియం దాటిన పిమ్మట మూడవ స్టేషను పేరు ఎన్.జి.ఆర్.ఐ. అని వినబడును. 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ పేరది. ఈ రైలు 2017 నవంబరులో వచ్చినది. ఆ సంస్థ అంతకు ఎన్నో ఏండ్ల ముందే వచ్చినది. రైలులో దినమును పోవువారిలో ఎందరికి తమ కాళ్ల క్రింది నేల సంగతి ఆ స్టేషను పేరులోనే దాగియున్నదని తోచునో సందేహమే. 1999లో ఆ సంస్థ ఆవరణలో భారత–ఫ్రెంచి భూగర్భజల పరిశోధన కేంద్రము ఏర్పడినది. హైదరాబాదునకు దక్షిణమున నున్న మహేశ్వరము పరీవాహక ప్రాంతమును, అనగా ఇంచుమించు 53 చదరపు కిలోమీటర్ల నేలను, ఆ కేంద్రమువారు ఏండ్ల తరబడి పరిశీలించిరి. రాతినేలలో నీరెట్లు నిలుచును, ఎట్లు నడుచును అను విషయమున ప్రపంచమునకు తెలిసిన దానిలో కొంత భాగము ఆ తెలంగాణ పల్లెల బావుల నుండి తెలిసినదే.

ఈ ప్రాంతపు అడుగున నున్నది గ్రానైటు, నైసు జాతుల శిల. ఇంచుమించు 250 కోట్ల ఏండ్ల నాటిది. ఎండకు, వానకు, కాలమునకు ఆ శిల పైభాగము కుళ్లి గరుకుమన్నయినది. అదియే మొరము. చాల చోట్ల దాని మందము 10 నుండి 20 మీటర్లు. దాని క్రింద పగిలిన రాయి, ఆ పగిలిన రాతికి క్రింద పగులులేని శిల. వాననీరు మొరములోనికి ఇంకి, పగుళ్లలోనికి దిగి, శిల దగ్గర ఆగిపోవును. బావులు త్రవ్వుటలో తరతరముల నేర్పు గల వడ్డెరలు ఏ గ్రంథమును చదువకయే ఈ పొరల క్రమమును గడ్డపార మొన మీద తెలిసికొనిరి. ఇచ్చట మెత్తన, ఇచ్చట గరుకు, ఇచ్చట ఊట, ఇక ఇచ్చట ఆగుము అని వారి చేయి చెప్పెడిది.

ఇందుండి ఒక విషయము తేటపడుచున్నది. నదిలోని ఇసుకను గూర్చి ఎల్లరును మాటలాడుదురు. మొరమును గూర్చి మాటలాడువారు లేరు, ఏలన అది మన్ను, మన్నునకు కొరత యేమి అని తలంపు. కాని ఈ రాతిసీమలో మొరమే కుండ. నీటిని తోడిన యెడల వచ్చే వానకు అది మరల వచ్చును. కుండనే ఎత్తుకొనిపోయిన తరువాత వచ్చిన వాన ఎందులో నిలుచును? నేడు అనేక చోట్ల బోరుబావుల వలన నీటిమట్టము పగుళ్ల పొరలోనికి దిగి, మొరము పొడిగనే యున్నది. అందుచేత త్రవ్వినప్పుడు ఊట పడకపోవచ్చును, గుత్తేదారు సంతోషించును. కాని మంచి వానలు పడిన ఏట ఆ పొడి మొరములోనికే నీరు మరల లేచి వచ్చును. ఊట పడలేదు గనుక నష్టము లేదనుట, అటక మీది గాదె నేడు ఖాళీగా నున్నది గనుక విరుగగొట్టవచ్చుననుట వంటిది.

ఇక లెక్క చూడవచ్చును. బళ్లలో నల్లబల్ల మీద వేయదగిన లెక్కయే. మహేశ్వరము పరిశీలనలలో తేలినదేమనగా ఆ రాతిపొర నుండి బావికి వచ్చి చేరగల నీరు పొర పరిమాణములో నూటికి ఇంచుమించు ఒకటిన్నర పాలు మాత్రమే. ఒక గుంట నుండి దినమునకు లక్ష లీటర్ల చొప్పున 100 దినములు తోడిరనుకొందురు గాక. మొత్తము కోటి లీటర్లు, అనగా 10,000 ఘనపు మీటర్లు. ఆ నీరంతయు పొర నుండియే వచ్చినదన్న యెడల, నూటికి ఒకటిన్నర పాళ్ల చొప్పున 165 ఎకరముల క్రింద నీటిమట్టము ఒక్క మీటరు పడిపోవుటకు అది సరిపోవును. ఒండ్రునేలలో ఇదే నీరు తోడిన ఇందులో పదవవంతు నష్టము గూడ కనబడకపోవచ్చును. కృష్ణా డెల్టా రైతు గుంట తోడగా చూచి, రాతినేల రైతు గుంటను గూర్చి అభిప్రాయము చెప్పరాదు.

ఆ పతనము అంతటను సమముగ నుండదు. గుంట దగ్గర ఎక్కువ, దూరమున తక్కువ; నీటిమట్టము గరాటు ఆకారమున గుంట వైపునకు వంగును. ఏటి ఇసుకలో చెలమ తీసిన పిల్లలందరికిని ఇది తెలిసిన సంగతియే. చెలమ తీసి దోసిటితో తోడిన నీరు ప్రక్కల నుండి మరల ఊరును. దాని ప్రక్కనే ఇంకొకరు లోతుగా చెలమ తీసి వేగముగ తోడిన యెడల మొదటి చెలమ ఎండును. అప్పుడు ఇరువురు పిల్లలకును పోట్లాట. 1856లో ఫ్రాన్సు దేశపు డిజోన్ నగరమున హెన్రీ డార్సీ అను ఇంజనీరు ఇసుక నింపిన గొట్టములలో నీరు పారించి, నీటి నడక దాని ఎత్తుపల్లముల భేదమునకు అనుగుణముగ నుండునని సూత్రము కట్టెను. భూగర్భజల శాస్త్రమంతయు ఆ సూత్రము మీద నిలిచినది. గుంట ఎంత లోతైన, ఎంత వేగముగ తోడిన, గరాటు అంత వెడల్పగును.

మరి గుంటలో నీటిని సవ్యముగ నడుపుటెట్లు? ఇందు గొప్ప విద్య యేమియు లేదు. మొదటిది, బయటి వాననీరు లోనికి రాకుండ గుంట చుట్టును కాలువ తీసి కట్ట వేయవలెను. ఈ ఒక్క పనితో తోడవలసిన నీరు ఎంతో తగ్గును. అయినను సాధారణముగ జరుగనిది ఇదియే. ఒక హెక్టారు గుంట తన మీద పడిన వానను మాత్రమే పట్టిన యెడల 100 మిల్లీమీటర్ల వానకు పది లక్షల లీటర్లు. చుట్టునున్న పొలముల నీరు గూడ దానిలోనికే దొర్లినచో అది ఎన్ని రెట్లగునో చెప్పనక్కరలేదు. ఆ నీరు ఇంతకు మునుపు ఏ చెరువునకో పోవుచుండెడిదను సంగతి గూడ మరువరాదు. గుంట త్రోవలో కూర్చుండి చెరువు భిక్షను తాను తినుచున్నది.

రెండవది, ఊటనీటిని అది పుట్టిన చోటనే పట్టవలెను. గోడ నుండి కారునపుడు అది బావినీటివలె తేటగనే యుండును. లారీ చక్రముల క్రింద పడి, మన్ను కలిసి, నూనె చుక్కలు తేలిన తరువాతనే అది మురుగగుచున్నది. గోడ వెంబడి చిన్న కాలువ తీసి ఊటనంతను పల్లపు మూల నొక గుంతలోనికి చేర్చి, అచ్చట నుండి తోడవలెను. మన్ను కలిసిన నీటిని వేరుగ తీసి, ఒకదాని తరువాత నొకటిగ రెండు మూడు మడుగులలో నిలిపి, ఒండ్రు దిగిన పిమ్మట విడువవలెను. ఇట్లు చేయక నేరుగ కాలువలో విడిచిన బురద కాలువను పూడ్చును, చెరువు అడుగున పరచుకొనును, వరిమడిలో పేరి గట్టిపడును. మూడవది, తేటనీటిని ఎవరి బావులు దిగజారినవో వారికే అందించవలెను. గొట్టము ఎటు వేసినను గొట్టమే. రోడ్డు కాలువ వైపునకు వేసిన అయ్యెడు ఖర్చుతోనే చాలసార్లు చెరువు వైపునకు వేయవచ్చును.

ఇది కాగితము మీది మాట గాదు. సింగరేణి బొగ్గుగనులలో నీరు తోడుట బొగ్గు తీయుటతో సమానమైన పని. గోదావరి లోయ ఇసుకరాతి పొరలు నీటితో నిండియుండును. గని నీటిని శుద్ధిచేసి కాలనీలకు, సమీప గ్రామములకు, చెరువులకు అందించు ఏర్పాట్లు అచ్చట ఉన్నవి. ఓపెన్‌కాస్టు ప్రక్కనున్న పల్లెలలో బావులు ఎండినవను మొర గూడ అచ్చటనే ఉన్నది. రెండును నిజమే. నీరు ఇచ్చుట మంచిదే గాని, ఇచ్చిన నీరు పోయిన బావికి బదులా, దానమా అను ప్రశ్న మిగిలియే యుండును. దానమైనచో ఇచ్చువాడు ఇష్టమైనప్పుడు ఆపవచ్చును. బదులైనచో ఆపుటకు వీలులేదు.

నీటిని నిర్లక్ష్యము చేసిన దానికి గనులలో ప్రాణములే మూల్యము. 1975 డిసెంబరు 27న ధన్‌బాదు సమీపపు చస్‌నాలా గనిలోనికి పైన నిలిచియున్న నీరు విరుచుకొని పడి 370 మందికి పైగా మరణించిరి. 2003 జూన్‌లో గోదావరిఖనిలో గనిలోనికి నీరు చొచ్చుకొనివచ్చి 17 మంది మరణించిరి. కోలారు బంగారు గనుల కథ వేరు. తెలుగు, తమిళ కార్మికుల కుటుంబములు తరతరములుగ బ్రదికిన ఆ గనులు మూడు కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినవి. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. పంపులు ఆగిన పిమ్మట బావులు నీటితో నిండినవి. మూడు కిలోమీటర్ల లోతైన గనికిని, ముప్పది అడుగుల మొరము గుంటకును నీటి విషయమున భేదము లేదు. తోడుచున్నంత కాలమే అది మనుష్యునికి లోబడి యుండును.

ఆ మరునాటి గుంటయే నాగోల్, ఉప్పల్ ప్రాంతము వంటి నగరపు అంచులకు అసలు చిక్కు. గుంట త్రవ్విననాడు అది ఊరి బయట నుండును. విడిచిననాటికి ఇండ్ల నడుమ నుండును. వానాకాలమున నిండును. దూరమున నుండి చూచువారు చెరువనుకొందురు. కొందరు విద్యావంతులు గూడ, "మంచిదేగదా, నీరు నిలుచుచున్నది, భూమిలోనికి ఇంకును" అని వాదించుచున్నారు. ఈ వాదమును తేలికగ త్రోసివేయరాదు. ఇంగ్లాండులో థేమ్సు నది పుట్టు చోట గులకరాళ్ల కొరకు త్రవ్విన గుంటలు నూటికి పైగా సరస్సులై, కాట్స్‌వోల్డ్ జలోద్యానమని పేరు పొంది, పక్షులకు, పడవలకు నెలవైనవి. కాని అచ్చటిది చదునైన గులకనేల. నీటిమట్టము కొద్ది అడుగుల లోతున నున్నది. గుంటలు లోతు తక్కువవి. ఇచ్చటిది నిలువుగోడల రాతిగుంట. అడుగున పగుళ్లు ఉన్నచో కొంత ఇంకును, బండయే ఉన్నచో వేసవివరకు ఎండకు ఆవిరియగును.

చెరువునకును గుంటకును భేదము నీటిలో లేదు, గట్టులో ఉన్నది. చెరువు ఒడ్డు ఏటవాలుగ దిగును. పశువు దిగి నీరు త్రాగి ఎక్కగలదు, బాలుడు మోకాటి లోతు, నడుము లోతు తెలిసికొనుచు దిగగలడు. చెరువునకు అలుగు కలదు, తూము కలదు, దాని క్రింద ఆయకట్టు కలదు, దానిని కనిపెట్టుకొనియుండు నీరటికాడు ఉండెడివాడు. గుంటకు ఇవేవియు లేవు. ఒక్క అడుగు తప్పిన పిమ్మట రెండవ అడుగునకు నేల యుండదు. వేసవి సెలవులలో ఈతకు దిగిన బాలురు క్వారీ గుంతలలో మునిగిరను వార్త రాష్ట్రములో ఏదో యొక మూల నుండి రాని ఏడు అరుదు. ఈ వార్తలలో పిల్లల వయస్సు వ్రాయుదురు, గ్రామము పేరు వ్రాయుదురు. గుంట ఎవరు త్రవ్విరో, ఎన్నడు విడిచిరో వ్రాసినది కనబడుట అరుదు.

నీరులేని గుంటకు వేరొక గతి. రాత్రివేళ ఎవరో ఒక బండి చెత్త పోయుదురు. మరునాడు పదిబండ్లు వచ్చును. మొరము తీసివేయబడిన చోట వడపోయు పొర లేదు. చెత్తలోని మురుగు రసము నేరుగ పగుళ్లలోనికి దిగును. జవహర్‌నగర్ చెత్తగుట్ట నుండి కారిన మురుగు ప్రక్కనున్న మల్కారం చెరువును, చుట్టుప్రక్కల నీటిని ఎట్లు చెరచినదో ఈ తూర్పు శివారులవారికి వేరుగ చెప్పనక్కరలేదు. అది నేల పైన పేర్చిన చెత్త. గుంటలో పోసిన చెత్త నీటికి ఇంకను సమీపము.

నాగోల్‌కు మరియొక ప్రత్యేకత కలదు, అది మూసీ ఒడ్డు. ఏటి ప్రక్కన లోతుగ త్రవ్వి తోడిన యెడల గరాటు ఏటివైపునకును ప్రాకి, ఏటినీటిని గుంటలోనికి లాగుకొనును. నగరపు మురుగంతయు మోయుచున్న మూసీ నీరు ఆ విధముగ ఒడ్డు బావులలోనికి చేరుటకు దారి ఏర్పడును. ఏరు ఉప్పొంగినచో ఆ గుంటయే ఏటికి నోరగును. 1908 సెప్టెంబరు 28 నాటి వరద తరువాతనే ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము కట్టబడినవి. అయినను 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ పరిసరములలో ఒక్క దినమున 300 మిల్లీమీటర్లు దాటిన వాన కురియగా నాగోల్ పల్లపు కాలనీలు నీట మునిగినవి. అంతటి వానకు ఒక హెక్టారు గుంట తనకు తానుగ ముప్పది లక్షల లీటర్లు పట్టును. ఖాళీగానున్న గుంట వరదను కొంత మ్రింగునని ఇందు మేలు చూచువారు కలరు. నిజమే, కాని మ్రింగినది మరల కక్కుటకు దారి లేనిచో తరువాతి వానకు అది నిండుకుండయే.

చట్టములు లేకపోలేదు. గ్రావెలు, భవననిర్మాణపు రాయి, మామూలు ఇసుక, మామూలు మన్ను చిన్నతరహా ఖనిజములని 1957 నాటి గనుల చట్టము పేర్కొని, వాటిపై నియమములు చేయు అధికారము రాష్ట్రముల కిచ్చినది. ఆంధ్రప్రదేశ్ ఆ నియమములను 1966లో చేసినది. పేరులోని 'చిన్నతరహా' అను మాట చాలకాలము మనస్సులలోనికి గూడ ప్రవేశించి, చిన్న ఖనిజమునకు చిన్న గుంట, చిన్న గుంటకు చిన్న నష్టము అని లెక్క నడచినది. 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, అయిదు హెక్టారులకు లోబడిన గుంటలకు గూడ పర్యావరణ అనుమతి కావలెనని చెప్పిన తరువాతనే ఆ లెక్క తప్పని ఒప్పుకొనుట జరిగినది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రజల త్రాగునీటి బావికి 250 మీటర్ల లోపల క్రొత్త బావి త్రవ్వుటను అరికట్టినది. ఆరంగుళముల బోరు వేయవలెనన్న దూరము కొలుతురు. ఎకరముల వెడల్పున ఊట తెగు వరకు త్రవ్విన గుంట గూడ బావియే, ఆ సీమలోని బావులన్నిటికంటె పెద్ద బావి. కాని నీటికొరకు త్రవ్వినది గాదు గనుక జనుల మనస్సులో అది బావుల లెక్కలోనికి రాదు. రైతునకు ఈ భేదము అర్థముగాదు. అర్థము కాకపోవుటలో తప్పు రైతుది గాదు.

గుంటను మూయుటకు కావలసిన ధనమును త్రవ్వుట మొదలిడక మునుపే గుత్తేదారు చేత కట్టించుకొనుట న్యాయము. గోడలు ఏటవాలు చేయుటకు, కంచె వేయుటకు, చెత్త పడకుండ కాచుటకు, నిండిన నీటికి అలుగు విడుచుటకు అయ్యెడు ఖర్చు మొరము ధరలోనే చేరవలెను. అప్పుడు మొరము ప్రియమగును, ప్రియమగుట మేలే. ఇల్లు కట్టుకొనువాడు రెండు లారీలు తక్కువ తెప్పించుకొనును, కూల్చిన పాత ఇండ్ల శిథిలములను పునాదిలో వాడుకొనును. హైదరాబాదులో కూల్చినదానికి కొదువ లేదు.

ఇక రైతు తన బావి ఎండినదని చెప్పిననాడు అధికారి అడుగు మొదటి ప్రశ్న, "మునుపు ఎంత లోతున ఉండెడిది?" అని. రైతు చేయి చూపి, "ఇంతలో ఉండెడిది" అనును. చేతి చూపు దస్త్రములలో నిలువదు. రాష్ట్ర భూగర్భజల శాఖవారు తమ పరిశీలక బావులలో మట్టములు కొలుచుచునే యున్నారు; కాని ఆ బావి ఆ గుంటకు మైళ్ల దూరమున ఉండవచ్చును. ఈ కొరత తీర్చగలవారు పాఠశాలలలో ఉన్నారు. ఒక త్రాడు, దాని చివర నొక బరువు, మీటరు మీటరునకు ఒక ముడి, ఒక చేతివ్రాత పుస్తకము: ఇంతకు మించి ఖర్చు లేదు. పక్షమున కొకసారి ఊరి బావులు నాలుగింటిలో త్రాడు దించి, తేదీ వ్రాసి, లోతు వ్రాసి, ఉపాధ్యాయుడు సంతకము చేసిన చాలును. పిల్లలు బావి అంచున వంగకుండ పెద్దవారే త్రాడు దించవలెను, పిల్లలు ముడులు లెక్కింపవలెను. మే నెల అంకె, నవంబరు అంకె ప్రక్కప్రక్కన పడినపుడు వాన ఎంత ఇంకినదో వారికే తెలియును. భూగోళ పాఠము గణిత పాఠముతో కలియును. బోరుబావిలో ఇట్టి త్రాడు దిగుట కష్టము. కావున పాత చేదబావి ఏదైన మిగిలియున్నచో దానిని పూడ్చనీయకుండ ఉంచుకొనవలెను.

పుస్తకము మొదలిడుటకు తగిన సమయము మాత్రము ఒకటియే యున్నది. ఊరి పొలిమేరలో మొరము తీయుదురట అను మాట వినబడిన నాటికే మొదటి పుటలో కనీసము ఒక ఏటి అంకెలు ఉండవలెను. మోటారు దిగిన తరువాత కొలిచిన మొదటి అంకె బావిది గాదు, గుంటది.